పౌరధర్మ బోధన

ప్రజాస్వామిక రాజ్యమున జీవింపబోవు బాలబాలికలకు రాజ్యవ్యవస్థను గూర్చిన జ్ఞానమును, న్యాయాన్యాయములను విచారించి నిర్ణయించు వివేకమును, పదిమందితో గూడి ఒక కార్యమును నిర్వహించు అలవాటును కలిగించు విద్యాశాఖకు పౌరధర్మ బోధన యని పేరు. మన పాఠశాలలలో ఇది చిరకాలము పౌరశాస్త్రమను పేర, చరిత్ర, భూగోళము, అర్థశాస్త్రములతో పాటు సాంఘికశాస్త్ర పుస్తకమున ఒక భాగముగ నుండి, ఆ భాగములన్నింటిలోను అల్పగౌరవమునకు పాత్రమైనదిగ కాలము గడపినది. ఈ వ్యాసమున ప్రధానముగ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులకు, అనగా పదునొకండవ యేడు మొదలు పదునాలుగవ యేడు వరకు గల పిల్లలకు జరుగు పౌరధర్మ బోధన విచారింపబడుచున్నది. ఈ వయస్సును ప్రత్యేకముగ గ్రహించుటకు బలమైన కారణము కలదు. అంతకు ముందు బిడ్డ పెద్దల మాటను నియమముగ స్వీకరించును, అటుపిమ్మట పరీక్షల తొందర, జీవనోపాధి చింత మనస్సును ఆక్రమించును, ఈ నడుమ వచ్చు మూడు నాలుగేండ్లయందే "ఈ నియమ మెందులకు? దీనిని పెట్టినవారెవరు? దీనిని మార్చ వీలుకాదా?" యను ప్రశ్నలు బాలుర మనస్సున తమంతట తామే మొలకెత్తును. ఆ ప్రశ్నలను అవిధేయతగ నెంచి అణచివేయు పాఠశాల పౌరశాస్త్రమున ఎన్ని పాఠములు చెప్పినను పౌరులను తయారుచేయజాలదు.

నీతిబోధ మన భాషకు క్రొత్తది కాదు. బద్దెన కృతముగ ప్రసిద్ధమైన సుమతీశతకము, వేమన పద్యములు, 1853లో వెలువడి తరతరముల విద్యార్థులకు వాచకమైన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక తెలుగు బాలునకు లోకజ్ఞానమును, మాటతీరును, మంచిచెడ్డల వివేచనమును ప్రసాదించినవి. అయినను ఈ నీతి యెవరి నుద్దేశించి పుట్టినదో గమనింపవలెను. పంచతంత్రము రాజకుమారులను రాజనీతివిదులను చేయుటకు చెప్పబడిన కథల సంపుటి. శతకములలోని నీతి చాలవరకు కొలువున నుండువానికి, గృహస్థునకు, మిత్రుల నెన్నుకొనువానికి చెప్పబడినది. తానును తక్కినవారితో సమానుడై, చట్టమును చేయుటలో తానును భాగస్వామియై, ఆ చట్టమునకు తానును లోబడి యుండు మనుష్యుని ధర్మమేదో ఆ గ్రంథములకు ప్రస్తుతాంశము కాలేదు. ఆ వ్యవస్థయే నాడు లేదు గనుక ఇందు దోషమెన్నవలసిన పనిలేదు. వేమన మాత్రము కులాచారములను, కపట వేషములను నిలదీసిన తీరులో పౌరునకు ముఖ్యావశ్యకమైన ప్రశ్నించు గుణము పుష్కలముగ గలదు. ఏడవ తరగతి పిల్లలకు సమానత్వమును గూర్చి చెప్పు ఉపాధ్యాయుడు ఆయనను తెలుగు పీరియడునకే విడిచిపెట్టక తన పాఠములోనికి కూడ పిలుచుకొనుట యుక్తము.

ఆధునిక రాజ్యములు పౌరధర్మమును పాఠశాలలో ఒక విషయముగ నెలకొల్పుట పందొమ్మిదవ శతాబ్దపు కడపటి భాగమున విస్తరించినది. ఫ్రాన్సు దేశమున జూల్ ఫెర్రీ విద్యామంత్రిగ నున్నప్పుడు 1882 మార్చి 28 నాటి చట్టము ప్రాథమిక విద్యను నిర్బంధము, మతప్రమేయరహితము గావించి, పాఠ్యక్రమమున మతబోధ యుండిన స్థానమున నైతిక, పౌర విద్యను నిలిపినది. జపానులో 1890 అక్టోబరు 30న వెలువడిన చక్రవర్తి విద్యాశాసనము పితృభక్తి, రాజభక్తులను విద్యకు పునాదిగ ప్రకటించినది. షూషిన్ అను నీతిపాఠము ఆ శాసనమును పిల్లల మనస్సులలో నాటు సాధనమైనది. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట ఆక్రమణాధికారులు ఆ పాఠమును నిలిపివేసిరి. 1958లో నీతిబోధకు ప్రత్యేక సమయము మరల కేటాయింపబడినప్పుడు జపాను ఉపాధ్యాయులలో అనేకులు దానిని గట్టిగ ప్రతిఘటించిరి. విధేయతను మాత్రమే నేర్పిన విద్య ఒక జాతిని ఎంతటి వినాశమునకు కొనిపోగలదో కన్నులార చూచిన వారి భయము నిష్కారణమని యెవరనగలరు?

మన దేశమున పరాయి ప్రభుత్వము ప్రవేశపెట్టిన పౌరశాస్త్రముది వేరొక స్వభావము. బొంబాయి రాష్ట్ర సివిలు సర్వీసు అధికారియైన విలియం లీ-వార్నర్ రచించి 1897లో ప్రకటించిన "ది సిటిజన్ ఆఫ్ ఇండియా" యను గ్రంథము పాఠశాలలలో చదువబడినది. పేరున పౌరుడున్నను, లోపల వర్ణితుడైనవాడు ఇంగ్లీషువారి పరిపాలన వలని మేళ్ళను గుర్తెరిగి కృతజ్ఞుడై యుండవలసిన పాలితుడు మాత్రమే. తపాలా, రైలు, న్యాయస్థానము, మునిసిపాలిటీ మొదలగువాని వర్ణనలు, ఒక్కొక్క అధికారి నిర్వర్తించు విధుల జాబితాలు, వాని నడుమ విధేయతోపదేశము—ఇట్టి అమరికతో పుట్టిన పాఠము స్వాతంత్ర్యానంతరము సైతము తన రూపమును చాలకాలము మార్చుకొనలేదు. వైస్రాయి స్థానమున రాష్ట్రపతియు, జిల్లా బోర్డు స్థానమున జిల్లా పరిషత్తును చేరినవి గాని, ఎవరు ఎవరిని నియమించుదురు, కనీస వయస్సెంత, పదవీకాలమెంత యను ప్రశ్నలు అట్లే నిలిచిపోయినవి. రాష్ట్రపతి పదవికి ముప్పదియైదేండ్లు, లోకసభ సభ్యత్వమునకు ఇరువదియైదేండ్లు, రాజ్యసభకు ముప్పది యని గుక్కతిప్పక చెప్పగల విద్యార్థి తన వీధి దీపము వెలుగకున్న ఎవరికి చెప్పుకొనవలెనో యెరుగకపోవుట ఈ వారసత్వపు ఫలమే.

జాతీయోద్యమ కాలమున ఇందుకు భిన్నమైన భావములు పుట్టకపోలేదు. వి. ఎస్. శ్రీనివాసశాస్త్రి భారత పౌరుని హక్కులను, విధులను గూర్చి కలకత్తా విశ్వవిద్యాలయమున కమలా ఉపన్యాసములిచ్చెను. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సమావేశమునుండియు, డాక్టర్ జాకీర్ హుస్సేన్ సంఘపు నివేదికనుండియు రూపొందిన మౌలిక విద్య శారీరక శ్రమను చదువునకు కేంద్రముగ చేసినది. సేవాగ్రామ పాఠశాలయందు పిల్లలే తమలోనుండి వంటకు, పారిశుద్ధ్యమునకు, ఆరోగ్యమునకు మంత్రులనెన్నుకొని, వారు చేసిన పనికి సభలో లెక్కచెప్పించుకొను పద్ధతి నడచినది. తెలుగునాట ఈ విద్య బడి వెలుపల కూడ సాగినది. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి, అయ్యంకి వెంకటరమణయ్య కృషితో పల్లెపల్లెకు ప్రాకిన గ్రంథాలయోద్యమము—ఇవియన్నియు ఓటు హక్కు అతి కొద్దిమందికే యుండిన దినములలో సామాన్యుని పౌరునిగ తీర్చిన సంస్థలు. పత్రిక చదివి వినిపించుట, సభ జరిపి తీర్మానము వ్రాయుట, చందాకు రసీదిచ్చి సంవత్సరాంతమున జమాఖర్చు చదువుట అను మూడు పనులను అక్కడ నేర్చినవారెందరో పిదప ప్రజాజీవితమున రాణించిరి.

1948 నవంబరు 4న రాజ్యాంగపు చిత్తుప్రతిని రాజ్యాంగసభ యెదుట నుంచుచు డాక్టర్ అంబేద్కర్ చేసిన ప్రసంగము ఈ విద్యకు మూలాధారముగ నెంచదగినది. గ్రీసు దేశ చరిత్రను వ్రాసిన గ్రోటు చెప్పిన రాజ్యాంగనీతి యను భావమును ప్రస్తావించి, అది మనుష్యునకు సహజముగ కలుగు గుణము కాదనియు, దానిని అలవరచుకొనవలసియున్నదనియు, మన ప్రజలు ఇంకను దానిని నేర్వవలసియున్నదనియు ఆయన హెచ్చరించెను. రాజ్యాంగమును గౌరవించుట వేరు, రాజ్యాంగనీతి వేరు. తనకు నచ్చని అభిప్రాయమును చెప్పువానికి చెప్పుకొను అవకాశమిచ్చుట, ఎన్నికలో ఓడినప్పుడు ఓటమిని అంగీకరించుట, గెలిచినప్పుడు ఓడినవాని హక్కును కాపాడుట, అధికారిని గౌరవించుచునే అతనిని ప్రశ్నించుట—ఇవి కంఠస్థము చేయుటవలన వచ్చునవి కావు. ఈత నేర్వదలచినవాడు నీటిలో దిగవలసినట్లే వీనిని చేసి నేర్వవలసియున్నది.

స్వతంత్ర భారతమున నియమితములైన విద్యాసంఘములన్నియు ఈ విషయమును స్పృశించినవి. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము ప్రజాస్వామిక పౌరసత్వమునకు అవసరమైన గుణముల నలవరచుటను విద్యాలక్ష్యములలో ముందుంచినది. 1959లో నియమింపబడిన శ్రీప్రకాశ సంఘము నైతిక, ఆధ్యాత్మిక విలువల బోధను సమర్థించి, దినకార్యారంభమున కొన్ని నిమిషముల మౌనధ్యానమును సిఫారసు చేసినది. కొఠారీ సంఘము (1964-66) పనియనుభవమును, సంఘసేవను విద్యలో అంతర్భాగములుగ చేయవలెనని వాదించినది. 1976లో నలుబదిరెండవ సవరణ రాజ్యాంగమున 51-ఎ అధికరణమును చేర్చి పది ప్రాథమిక విధులను పేర్కొనగా, 2002లో ఎనుబదియారవ సవరణ బిడ్డలకు విద్యావకాశములు కల్పించుట తలిదండ్రుల విధియని పదునొకండవదానిని చేర్చినది. ఈ విధులను విద్యార్థులకు బోధించు మార్గములను సూచించుటకు నియుక్తమైన జస్టిస్ జె. ఎస్. వర్మ సంఘము 1999లో నివేదిక సమర్పించినది. సంఘములకును సిఫారసులకును లోటు లేదు. లోటంతయు తరగతిగదిలో పాఠము నడచు తీరుననే యున్నది.

ఈ లోటును గుర్తించి తీర్చుటకు జరిగిన ప్రయత్నములలో 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము గణనీయమైనది. పౌరశాస్త్రము వలసపాలన అవసరముల నుండి పుట్టిన విషయమని అది స్పష్టముగ పలికినది. తత్ఫలితముగ జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2006 మొదలు 2008 వరకు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సామాజిక, రాజకీయ జీవనమను పేర క్రొత్త పుస్తకములను ప్రకటించినది. అవిభక్త ఆంధ్రప్రదేశమున సైతము 2011 నాటి రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రముననుసరించి సాంఘికశాస్త్ర పుస్తకములు మారినవి. సంస్థల వర్ణనకు మారుగ సంఘటనలతో పాఠమును ప్రారంభించుట ఈ పుస్తకముల ప్రత్యేకత. ఒక యుదాహరణము చాలును. జాతీయ మండలి ఆరవ తరగతి పుస్తకమున అంబేద్కర్ బాల్యమునందలి యొక ప్రయాణము చేర్చబడినది. 1901లో తొమ్మిదేండ్ల భీమరావు, అన్నయు, బంధుబాలురును క్రొత్తబట్టలు ధరించి తండ్రి పనిచేయుచున్న చోటికి పోవుటకు మసూరు స్టేషనులో రైలు దిగిరి. తండ్రికి ఉత్తరమందలేదు, ఎవరును రాలేదు. మంచి దుస్తులలోనున్న పిల్లలను చూచి స్టేషనుమాస్టరు ఆదరముతో పలుకరించెను. తాము అస్పృశ్యులుగ నెంచబడు మహారు కులస్థులమని పిల్లవాడు చెప్పినంతనే అతని ముఖము మారిపోయెను. బండివారెవ్వరు ఎక్కించుకొన నొప్పుకొనలేదు. కడపట ఒకడు రెట్టింపు బాడుగకు అంగీకరించి, బండి పిల్లలే తోలుకొనవలెననియు, తాను ప్రక్కన నడచి వచ్చెదననియు కట్టడి చేసెను. పదునేడవ అధికరణము అస్పృశ్యతను నిషేధించినదను వాక్యమును ఎన్నిమార్లు వల్లించినను కలుగని గ్రహింపు, తమ యీడు బాలుడు చీకటిపడువరకు ఆ స్టేషనులో కూర్చుండుటను ఊహించుకొన్న పిల్లలకు ఒక్క పీరియడులో కలుగును.

అయితే ఈ కథ చెప్పు ఉపాధ్యాయుడు తన పాఠశాలవైపు చూడకుండ ముందునకు సాగరాదు. గది ఊడ్చుపని ఎప్పుడును ఆడపిల్లలకే అప్పగింపబడుచున్నదా? మధ్యాహ్న భోజనవేళ వరుసలు ఏ ప్రాతిపదికపై ఏర్పడుచున్నవి? వంటచేయు స్త్రీ కులమునుబట్టి అన్నము ముట్టని పిల్లలున్నారా? సుప్రీంకోర్టు 2001 నవంబరులో వండిన భోజనము పెట్టవలెనని ఆదేశించిన పిమ్మట బడిలో సహపంక్తి భోజనము కోట్లమంది పిల్లల నిత్యానుభవమైనది. దేశమున పలుచోట్ల అక్కడనే వివక్షయు తల చూపినది. సమానత్వమును గూర్చి పుస్తకములో చదివి, గంట కొట్టిన తరువాత అసమానమైన వరుసలో కూర్చుండు బిడ్డ గ్రహించునదేమి? పుస్తకములోని మాట పరీక్షకొరకనియు, లోకములోని నడవడి వేరనియు గ్రహించును. అబద్ధము నేర్పుటలో ఇంతకన్న నైపుణ్యము గల పద్ధతి మరియొకటి లేదు. అందుచేత పౌరధర్మ బోధనకు మొదటి పుస్తకము పాఠశాల యొక్క నడవడియే యని ఈ రచయిత దృఢాభిప్రాయము.

బాలుర మనస్తత్త్వమును పరిశీలించినవారి నిర్ణయములు ఈ అభిప్రాయమునకు బలము చేకూర్చుచున్నవి. స్విట్జర్లాండు మనోవిజ్ఞానవేత్త జాన్ పియాజే జెనీవా, నూషటెల్ నగరములలో గోలీలాడు పిల్లలచెంత కూర్చుండి, ఆట నియమములు ఎక్కడనుండి వచ్చినవి, వానిని మార్చవచ్చునా యని యడిగి, వారి యుత్తరములను 1932లో ఒక గ్రంథముగ ప్రకటించెను. చిన్నపిల్లలకు నియమము పెద్దల చేతినుండి వచ్చిన పవిత్ర శాసనము. అందరు ఒప్పుకొన్నను దానిని మార్చరాదు. పది పదునొకండేండ్లు దాటినవారికి అది ఆడువారందరి ఒడంబడిక. అందరు సమ్మతించిన మార్చుకొనవచ్చును, మార్చుకొన్న పిదప మాత్రము అందరు పాటింపవలెను. అమెరికా దేశీయుడగు లారెన్స్ కోల్‌బర్గ్ ఈ పరిశోధనను విస్తరించి, నైతిక విచారణ శిక్షాభయముతో మొదలై క్రమముగ సార్వత్రిక న్యాయసూత్రములవైపు ఎదుగునని సిద్ధాంతీకరించెను. అతడు ప్రధానముగ బాలురనే పరిశీలించినందున, ఎదుటివారి బాధను, అనుబంధములను లెక్కగొను నైతిక దృష్టి ఆ కొలబద్దకు అందలేదని కారొల్ గిలిగన్ 1982లో విమర్శించెను. ఈ విమర్శ ఉపాధ్యాయునకు మిక్కిలి ఉపయోగకరము. తరగతిలో వివాదము తీర్చునప్పుడు "నియమమేమి?" యని మాత్రమే అడిగిన చాలదు, "ఎవరికి కష్టము కలిగినది?" యని కూడ అడుగవలెను.

ఈ రెండు ప్రశ్నలను కలిపి పాఠశాల జీవితమున నిలిపిన మహనీయుడు పోలండు దేశపు వైద్యుడు, రచయిత యానుష్ కోర్చాక్. 1912లో వార్సాలో స్థాపితమైన అనాథ శరణాలయమున ఆయన పిల్లల న్యాయస్థానమును నెలకొల్పెను. న్యాయమూర్తులు పిల్లలే, ఎవరిపైనైనను, చివరకు పెద్దలపైనను, ఫిర్యాదు చేయవచ్చును. ఆయన వ్రాసిన స్మృతిలో మొదటి తొంబదితొమ్మిది అధికరణములును అభియోగమును విడిచిపెట్టునవియో, క్షమించునవియో. నూరవదానినుండి తప్పును స్థిరపరచుట ఆరంభమై, క్రమముగ కాఠిన్యము హెచ్చి, వేయవ అధికరణమున బహిష్కరణము నిలుచును. ఆచరణమున తీర్పులలో అత్యధికములు క్షమాపణలే. కోర్చాక్ తనపై వచ్చిన ఫిర్యాదులకు తానును ఆ న్యాయస్థానము నెదుట నిలిచి తీర్పు పొందెను. 1942 ఆగస్టులో నాజీలు శరణాలయపు పిల్లలను ట్రెబ్లింకా మారణశిబిరమునకు తరలించినప్పుడు, తాను తప్పించుకొను అవకాశములున్నను వారిని విడువక వెంట నడచినవాడు ఈయనయే. పిల్లలకు నీతి చెప్పు అధికారము ఎట్టివారికి కలుగునో తెలిసికొనవలెనన్న ఈ చరిత్రము చదువవలెను.

మన పాఠశాలలలో ప్రచారమందున్న కార్యక్రమములలో విద్యార్థి సంఘపు ఎన్నిక, మాదిరి శాసనసభ, ఊరి పంచాయతీ సందర్శనము ముఖ్యమైనవి. ఢిల్లీ పాఠశాలలలో 1966-67లో మొదలైన యువజన పార్లమెంటు పోటీలు పిదప దేశమంతట వ్యాపించినవి. స్కౌటు ఉద్యమము, జూనియర్ రెడ్‌క్రాస్, జాతీయ ఛాత్రసేనాదళము సేవను, క్రమశిక్షణను నేర్పుచున్నవి. మాదిరి శాసనసభలో పిల్లలు సంభాషణలను వల్లెవేసి, తెల్లబట్టలు ధరించి, వేదికపై ప్రదర్శించుటతో కార్యక్రమము ముగియుచున్నందున దానివలన కలుగు ప్రయోజనము నాటకమువలన కలుగు ప్రయోజనమే. అంతకన్న మాదిరి గ్రామసభ శ్రేష్ఠము, ఏలయన అందు పిల్లలెరిగిన సమస్యలుండును. 1993లో అమలులోనికి వచ్చిన డెబ్బదిమూడవ సవరణ ప్రకారము ఊరి ఓటర్ల జాబితాలో నున్న ప్రతివ్యక్తియు గ్రామసభ సభ్యుడే. ఇది ఎన్నుకొన్నవారి సభ కాదు, ఎన్నుకొనువారి సభ.

ఎనిమిదవ తరగతిలో ఇట్టి సభ జరుగు తీరును కొంచెము వివరముగ చూతము. మొదటి పీరియడులో తరగతి పట్టిక ఓటర్ల జాబితాగ మారును. సర్పంచి, వార్డు సభ్యులు, కార్యదర్శి ఎన్నుకొనబడుదురు. మహిళలకు మూడవ వంతుకు తగ్గకుండ స్థానములు కేటాయింపవలెనని రాజ్యాంగము చెప్పగా, ఉభయ తెలుగు రాష్ట్రములును సగము కేటాయించినవని చెప్పి, ఆ ప్రకారమే ఎన్నిక జరుపవలెను. రెండవ పీరియడున సమస్య ముందునకు వచ్చును. ఊరికి వచ్చిన డబ్బు ఒక్క పనికే సరిపోవును: పెద్దవీధిలో సిమెంటు రోడ్డు వేయవలెనా, ఊరిచివర ఇరువది యిండ్ల పేటకు కుళాయి గొట్టము పొడిగింపవలెనా? పెద్దవీధివారు ఎక్కువమంది; చేతులెత్తించినచో రోడ్డే గెలుచును. సాధారణముగ గెలుచును కూడ, పిల్లలు చప్పట్లు కొట్టుదురు. అసలు పాఠము అప్పుడు ప్రారంభమగును. ఎక్కువమంది కోరినంత మాత్రమున నిర్ణయము న్యాయమగునా? పేటవారు ప్రతిసారియు ఓడిపోవుటయే జరిగినచో వారు సభకెందులకు రావలెను? త్రాగునీరును, సౌకర్యమును ఒకే త్రాసున తూచవచ్చునా? ఓటువేసి నిర్ణయింపరాని విషయములు కొన్ని యున్నవనియు, వానినే ప్రాథమిక హక్కులని రాజ్యాంగము వేరుచేసి యుంచినదనియు ఉపాధ్యాయుడు చెప్పకముందే పిల్లలలో ఎవరో ఒకరు ఆ దరిదాపులకు వత్తురు. మూడవ పీరియడున తీర్మానముల పుస్తకము వ్రాయుట: ఎవరు ప్రతిపాదించిరి, ఎవరు బలపరచిరి, ఎవరు విభేదించిరి, వారి కారణమేమి. విభేదించినవాని మాటను అతడు ఒప్పుకొను విధమున వ్రాయుట పెద్దలకును కష్టమైన విద్య. కార్యదర్శి పాత్ర ధరించిన పిల్ల దానిని రెండుమూడుమార్లు కొట్టివేసి తిరిగి వ్రాయుట సహజము, వాంఛనీయము.

వివాదాస్పద విషయములలో ఉపాధ్యాయుడెట్లు వ్యవహరింపవలెనను ప్రశ్న అన్ని దేశములలోను తలయెత్తినది. పశ్చిమజర్మనీలో భిన్న రాజకీయాభిప్రాయములు గల విద్యావేత్తలు 1976లో బాయిటెల్స్‌బాఖ్ అను చిన్న పట్టణమున సమావేశమై ఒక యంగీకారమునకు వచ్చిరి: ఉపాధ్యాయుడు తన యభిప్రాయమును విద్యార్థిపై రుద్దరాదు, లోకములో వివాదముగ నున్నది తరగతిలోను వివాదముగనే కనబడవలెను, విద్యార్థి తన ప్రయోజనములను తాను విచారించుకొను శక్తి పొందవలెను. ఇంగ్లాండులో బెర్నార్డ్ క్రిక్ అధ్యక్షతన 1998లో వచ్చిన నివేదిక ఫలితముగ 2002 నుండి పదునొకండేండ్లు నిండిన విద్యార్థులకు పౌరసత్వము నిర్బంధ విషయమైనది. అందును వివాదములను నిష్పక్షపాతముగ చర్చించుట ముఖ్యాంశము. మన దేశమున ఈ యంశము మతమునకు సంబంధించినంతవరకు రాజ్యాంగముననే నిర్ణీతమైనది. పూర్తిగ ప్రభుత్వ నిధులతో నడచు విద్యాసంస్థలో మతబోధ కూడదని ఇరువదియెనిమిదవ అధికరణము శాసించుచున్నది. వివిధ మతములను గూర్చిన పరిజ్ఞానము కలిగించుట మతబోధ కాజాలదని సుప్రీంకోర్టు 2002లో తీర్పునిచ్చినది.

దేశభక్తికిని మనస్సాక్షికిని గల సంబంధమును విద్యార్థులకు చెప్పదలచినవారికి తెలుగువారి చేతిమీదుగా వచ్చిన రెండు విషయములు అందుబాటులో నున్నవి. మొదటిది ప్రతిదినము ప్రార్థన సమయమున కుడిచేయి ముందునకు చాచి పిల్లలు పలుకు ప్రతిజ్ఞ. నల్లగొండ జిల్లా అన్నెపర్తి వాస్తవ్యులు పైడిమర్రి వెంకటసుబ్బారావు విశాఖపట్టణమున ఖజానా అధికారిగ నున్నప్పుడు 1962లో దీనిని రచించిరి. తెన్నేటి విశ్వనాథం ద్వారా నాటి విద్యామంత్రి పి. వి. జి. రాజు దృష్టికి వచ్చి, పిదప కేంద్ర విద్యాసలహామండలి ఆమోదము పొంది, 1965 జనవరి 26 నుండి దేశమంతట వ్యాప్తిలోనికి వచ్చినది. తన మాటలను కోట్లమంది పలుకుచుండగా, పాఠ్యపుస్తకములలో చిరకాలము పేరు కూడ లేక ఆయన 1988లో దివంగతులైరి. ప్రతిజ్ఞను పలికించుటతోపాటు సంవత్సరమున కొకమారైనను దాని ఒక్కొక్క వాక్యమును పిల్లలచే చర్చింపజేయు పాఠశాల ధన్యము.

రెండవది 1986 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కేరళలో యెహోవాసాక్షులను క్రైస్తవశాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతము పాడునప్పుడు గౌరవముతో లేచి నిలుచుండెడివారు గాని, తమ మతవిశ్వాసము అంగీకరింపదను కారణమున పాడెడివారు కారు. 1985లో వారిని బడినుండి తొలగించిరి. హైకోర్టు వారి మొరను త్రోసిపుచ్చినది. సుప్రీంకోర్టులో తీర్పు వ్రాసినవారు అనంతపురము జిల్లా గుత్తిలో జన్మించిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. లేచి నిలుచుటచేత గౌరవము చూపబడినదనియు, పాడి తీరవలెనని నిర్బంధించు చట్టమేదియు లేదనియు, తొలగింపు వాక్స్వాతంత్ర్యమునకును మనస్సాక్షి స్వాతంత్ర్యమునకును భంగకరమనియు నిర్ణయించి, వారిని తిరిగి చేర్చుకొనవలెనని న్యాయస్థానము ఆదేశించినది. ఈ వ్యాజ్యెమును ఎనిమిదవ తరగతిలో చర్చకు పెట్టినచో పిల్లలలో పలువురు మొదట పాఠశాల పక్షముననే నిలుతురు. వారిని తొందరపెట్టరాదు. ప్రధానోపాధ్యాయుని స్థానమున, పిల్లల తండ్రి స్థానమున, న్యాయమూర్తి స్థానమున వంతులవారీగ నిలిచి వాదించిన పిదప వారు ఏ నిర్ణయమునకు వచ్చినను, ఆ నిర్ణయము వారిదై యుండును. గీతమును గౌరవించు లక్షలమందియు, పాడజాలని ముగ్గురును ఒకే రాజ్యాంగపు నీడన నుండుట యెట్లో అప్పుడు వారికి అర్థము కాగలదు.

ఇక మూల్యాంకనము. సాంఘికశాస్త్ర పరీక్షలో పౌరధర్మము బిట్ పేపరునకు అత్యంత అనుకూలమైన భాగముగ పరిగణింపబడుచున్నది. ఖాళీలు పూరించుటకు సవరణల సంఖ్యలు, సంవత్సరములు, వయఃపరిమితులు కావలసినన్ని దొరకును. నిరంతర సమగ్ర మూల్యాంకనము వచ్చిన పిమ్మట ప్రాజెక్టు పనులు చేరినవి గాని, అంగడిలో దొరకు గైడులనుండి యెత్తి వ్రాసిన పుటలు వాని ప్రయోజనమును చాలవరకు మ్రింగివేసినవి. అంతర్జాతీయ విద్యామూల్యాంకన సంఘము 1999లో ఇరువదియెనిమిది దేశములలో పదునాలుగేండ్ల విద్యార్థులపై జరిపిన పరిశోధనయు, 2009 నుండి జరుపుచున్న తదుపరి పరిశోధనలును ఒక విషయమును మరల మరల చూపినవి: తరగతిలో నిర్భయముగ అభిప్రాయము చెప్పవచ్చునని భావించు విద్యార్థులకు పౌరవిషయ జ్ఞానము కూడ అధికముగనే యున్నది. చర్చకు కాలము వ్యయమైన పాఠ్యాంశములు పూర్తికావని భయపడు ఉపాధ్యాయులు దీనిని గమనింపవలెను. పరీక్షలో అడుగవలసినదేమనగా, పిల్లవాడు ఎదుటిపక్షపు వాదమును న్యాయముగ వివరింపగలడా, ఒక ఫిర్యాదును తగిన అధికారికి తగిన మాటలలో వ్రాయగలడా, తన అభిప్రాయమునకు కారణము చూపగలడా యన్నది. ఒక అర్జీకి పది మార్కులిచ్చుట పది ఖాళీలకు పది మార్కులిచ్చుటకన్న కష్టమే; దిద్దుటకు కాలము పట్టును. ఆ కాలమును ఉపాధ్యాయునకు కల్పించుట ప్రభుత్వపు విధి.

ఉపాధ్యాయుని శిక్షణ విషయమున ఒక్క విశేషము చెప్పవలసియున్నది. మన ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుడు ప్రజాస్వామ్యమును పుస్తకములలో మాత్రము ఎరిగినవాడు కాడు. ఎన్నికలన్నింటను పోలింగు కేంద్రములను నడుపు సిబ్బందిలో ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో నుందురు. జనాభా లెక్కలకు ఇల్లిల్లు తిరుగువారును వారే. ముందునాటి సాయంకాలము సామగ్రి తీసికొని తెలియని ఊరికి పోయి, తెల్లవారుజామున పార్టీల ఏజెంట్ల యెదుట కనీసము ఏబది ఓట్లతో మాదిరి పోలింగు జరిపి, యంత్రమును శూన్యము చేసి చూపి, సీలువేసి, దినమంతయు ఎడమచేతి చూపుడువ్రేళ్ళపై సిరా గుర్తులు పెట్టించి, తన ఓటు మరియొకడు వేసిపోయెనని వచ్చిన ముసలమ్మకు టెండరు ఓటు పత్రమిచ్చి, పోలైన ఓట్ల లెక్కను పదునేడు-సి నమూనాలో పూరించి ఏజెంట్లకు నకళ్ళిచ్చి, డైరీ వ్రాసి, అర్ధరాత్రి యంత్రములనప్పగించి యింటికి చేరినవాడు మరుసటి వారము తరగతిలో ఎన్నికల సంఘమను పాఠమును మూడువందల ఇరువదినాలుగవ అధికరణముతో ప్రారంభించి, చూచినదానిలో ఒక్క ముక్కయు చెప్పక ముగించుట పెక్కుచోట్ల జరుగుచున్నది. వృత్త్యంతర శిక్షణలలో ఈ అనుభవమును పాఠముగ మలచు నేర్పును ప్రధానాంశముగ చేయవలెను. ఆ ముసలమ్మకు వేరొక పత్రమెందుకిచ్చిరి, అది యంత్రములోని లెక్కలో కలియదేమి, ఏజెంట్లు ఎదుట కూర్చుండుట అనుమానించినట్లు కాదా, నకలు ఇచ్చుట దేనికి యని పిల్లలు వరుసగా అడుగుదురు. ఆ ప్రశ్నలలో ప్రతి యొక్కదానికిని ఆ ఉపాధ్యాయుని యొద్ద స్వానుభవసిద్ధమైన సమాధానము కలదు.